ప్రొఫెషనల్ దొంగ మీద కథ రాస్తున్నాను, ఏ సినిమా చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. దొంగతనమే వృత్తిగా బతికే మనిషి మీద ఒక చిన్న సినిమా రాస్తున్నారు. బంగారం షాపు లాకరు, నలుగురు మనుషులు, ఒక రాత్రి. చదివినవాళ్లంతా ‘ప్లాన్ అదిరింది గానీ హీరో గుర్తుండట్లేదు’ అంటున్నారు. ఈ లోపం సరిదిద్దుకోవాలంటే ఏ సినిమా చూడాలి, అందులో ఏం గమనించాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. మైకేల్ మాన్ తీసిన ‘థీఫ్’ చూడండి. 1981లో వచ్చింది. జేమ్స్ కాన్ హీరో, కథ జరిగేది అమెరికాలోని షికాగోలో. చూసినంతసేపూ ఒక్క ప్రశ్న పట్టుకుని చూడండి: ఈ మనిషికి రావాల్సిన కూలి ఎవరి చేతిలో ఉంది? మీ స్క్రిప్టులో లేనిది అదేనని నా అనుమానం. ప్లాన్ ఎలా వేశారో రాసి ఉంటారు, తాళం ఎలా తీశారో రాసి ఉంటారు. తెల్లారాక డబ్బు ఎవరు లెక్కపెడతారు, ఎవరు ఎవరికి పంచుతారు, ఆ డబ్బుతో మీ హీరో ఏం చేద్దామనుకుంటున్నాడు అన్నది రాసి ఉండరు.

నేను ఎడిటర్‌ని. హైదరాబాద్‌లో సినిమాలకీ, ఈమధ్య వెబ్ సిరీస్‌లకీ పనిచేస్తున్నాను. దొంగతనం సీన్లు చాలానే నా టేబుల్ మీదికి వచ్చాయి. నా దగ్గర కొత్తగా చేరిన అసిస్టెంట్లకి ముందుగా చూపించేది ఈ సినిమానే, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. కథంతా చెప్పేస్తున్నాను. ముందు సినిమా చూడాలనుకుంటే చూసొచ్చి చదవండి.

హీరో పేరు ఫ్రాంక్. పగలు పాత కార్లు అమ్ముతాడు, ఒక బార్ కూడా నడుపుతాడు. రాత్రిళ్లు సేఫులు తెరుస్తాడు. వజ్రాలు, నగదు తప్ప ఇంకేదీ ముట్టుకోడు. ఇరవై ఏళ్ల వయసులో నలభై డాలర్లు దొంగిలించి జైలుకెళ్లాడు. లోపల తనని తాను కాపాడుకోబోయి ఒకడి చావుకి కారణమయ్యాడు. శిక్ష పెరిగి మొత్తం పదకొండేళ్లు లోపలే గడిచిపోయాయి. అతని బాధంతా ఆ పోయిన కాలం గురించే. తోటివాళ్లు పదేళ్లలో కూడబెట్టుకున్న ఇల్లు, పెళ్లాం, పిల్లలు తనకి రెండు మూడు నెలల్లో కావాలి. జైల్లో ఉన్నప్పుడు పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించి, తను కోరుకునే జీవితాన్ని ఒక కార్డు మీద అతికించుకున్నాడు. దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని తిరుగుతుంటాడు. మీ స్క్రిప్టు పక్కన పెట్టి ఒకసారి ఆలోచించండి. మీ హీరో పర్సులో ఏముంది?

ఇక మొదటి సీన్. వర్షం, రాత్రి, ఇరుకు సందు. ఒకడు బయట కారులో కూర్చుని పోలీసు రేడియో వింటున్నాడు. ఇంకొకడు అలారం వైర్ల దగ్గర ఉన్నాడు. లోపల ఫ్రాంక్ సేఫు తలుపుకి పెద్ద డ్రిల్ బిగించి తొలుస్తున్నాడు. చాలాసేపు మాటల్లేవు. కెమెరా ఆ తొలిచిన రంధ్రంలోంచి తాళం లోపలిదాకా వెళ్తుంది. తలుపు తెరుచుకున్నాక ఫ్రాంక్ సొరుగులు ఒక్కొక్కటే లాగుతాడు, అక్కర్లేనివి పక్కకి విసిరేస్తాడు, కావలసిన చిన్న కవర్లు తీసుకుంటాడు. మొహంలో నవ్వు లేదు, కంగారు లేదు. షిఫ్టు చేస్తున్న కార్మికుడిలా ఉంటాడు. ఆ తర్వాత తెల్లవారుజామున సరస్సు ఒడ్డున చేపలు పడుతున్న ఒక ముసలాయన పక్కన కూర్చుని కబుర్లు చెప్తాడు. నైట్ డ్యూటీ చేసినవాళ్లు ఇంటికెళ్లే ముందు టీ బండి దగ్గర ఆగుతారే, అచ్చం ఆ ఆగడం. ఈ రెండు సీన్లతోనే మనిషి సగం అర్థమైపోతాడు. అప్పటికింకా అతని గతం గురించి మనకి ఒక్క ముక్క కూడా తెలియదు.

ఆ పని అంత నమ్మకంగా కనిపించడానికి కారణం ఉంది. జాన్ శాంటూచీ అనే అసలైన మాజీ దొంగని మాన్ సలహాదారుగా పెట్టుకున్నాడు. సినిమాలో వాడిన పనిముట్లు చాలావరకు అతనివే. అంతటితో ఆగకుండా అదే శాంటూచీ చేత ఒక లంచగొండి పోలీసు పాత్ర వేయించాడు. మరోపక్క, అప్పటికి షికాగో పోలీసుశాఖలో ఉద్యోగం చేస్తున్న డెన్నిస్ ఫరీనాకి విలన్ అనుచరుడి వేషం ఇచ్చాడు. దొంగ పోలీసయ్యాడు, పోలీసు రౌడీ అయ్యాడు. పెద్ద తెరకి ఇది మాన్ మొదటి సినిమా. అంతకుముందు 1979లో ‘ది జెరికో మైల్’ అనే టీవీ సినిమాని ఫోల్సమ్ జైల్లో, అక్కడి ఖైదీల మధ్యే తీశాడు. జైలు మనిషి ఎలా కూర్చుంటాడో, ఎలా మాట్లాడతాడో దగ్గర్నుంచి చూసిన అనుభవం ఫ్రాంక్ పాత్రలో కనిపిస్తుంది. కథకి ఆధారం కూడా ఒక దొంగ తన పని గురించి ఫ్రాంక్ హోహైమర్ అనే మారుపేరుతో 1975లో రాసుకున్న పుస్తకమే.

మీకు మొదటి పాఠం: పనిని మధ్యలో కట్ చేయకండి. ఇది రచయితకీ వర్తిస్తుంది, ఎడిటర్‌కీ వర్తిస్తుంది. ఆమధ్య ఒక కుర్ర డైరెక్టర్ షార్ట్ ఫిల్మ్ నా దగ్గరికి తెచ్చాడు. హీరో బీరువా తాళం తీసే సీన్. చెయ్యి, కన్ను, చెమట, గడియారం, మళ్లీ చెయ్యి... చకచకా కట్లు, వెనక డప్పులు. ఎన్నిసార్లు చూసినా టెన్షన్ రావట్లేదని అతని గోడు. రష్ (ఎడిట్ చేయని ఫుటేజ్) మొత్తం తిరగేస్తే ఒక పొడుగాటి షాట్ దొరికింది. నటుడు నిజంగానే కడ్డీతో తాళం దగ్గర కుస్తీ పడుతున్నాడు. ఒకసారి జారింది, చెయ్యి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టాడు. ఆ షాట్‌ని పూర్తిగా ఉంచి, మ్యూజిక్ తీసేసి, గది శబ్దం మాత్రం వదిలాను. చూస్తున్నవాళ్లు ఊపిరి బిగబట్టారు. మనిషి ఒక పనిని మొదలుపెట్టి ముగించేదాకా చూస్తే ప్రేక్షకుడు తెలియకుండానే ఆ పనిలో భాగమవుతాడు. మీరు పేపర్ మీదే ఆ అవకాశం ఇవ్వాలి. ‘లాకర్ తెరుస్తాడు’ అని ఒక్క లైన్ రాస్తే డైరెక్టర్ ఎనిమిది కట్లు వేసుకుంటాడు. మొదట ఏం చేశాడు, ఎక్కడ ఇరుక్కుంది, అప్పుడు ఏం చేశాడు అని రాస్తే సీన్ నిలబడుతుంది.

పెద్ద దోపిడీ లాస్ ఏంజెలెస్‌లో జరుగుతుంది. అక్కడి ఖజానా డ్రిల్‌కి లొంగదు. లోహాల పని తెలిసినవాడి సాయంతో ఫ్రాంక్ దానికి తగిన పనిముట్టు తయారు చేయించుకుంటాడు. ఆక్సిజన్‌తో మండుతూ ఉక్కుని కరిగించే పొడుగాటి గొట్టం అది. ఉక్కు ఫ్యాక్టరీల్లో గడ్డకట్టిన లోహాన్ని కరిగించి దారి చేయడానికి ఇలాంటివే వాడతారు. విశాఖ ఉక్కులో పనిచేసి రిటైరైన మా బావగారికి ఒకసారి ఈ సీన్ చూపించాను. ఆయనకి కథ తెలియదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. నిప్పురవ్వలు పడుతుంటే ఫ్రాంక్ నిలబడ్డ తీరు, మొహానికున్న ముసుగు, పక్కవాడు మంటలు ఆర్పేది పట్టుకుని కాచుకుని ఉండటం చూసి ‘వీడికి పని వచ్చురా’ అన్నారు. పని తెలిసినవాళ్ల నోట ఆ మాట రావాలి. దానికోసం కష్టపడితే తెలియనివాళ్లు వాళ్లంతట వాళ్లే నమ్ముతారు.

ఆ సీన్ చివర నాకు ప్రాణం. తలుపు కరిగి తెరుచుకుంది. వేరే సినిమాలో అయితే కేకలు, కౌగిలింతలు ఉండేవి. ఇక్కడ ఫ్రాంక్ ముసుగు తీసేసి, వెనక్కొచ్చి, ఒక కుర్చీలో కూలబడి సిగరెట్ వెలిగిస్తాడు. మిగతావాళ్లు లోపలికెళ్లి ఏరుకుంటుంటారు. అలసట తప్ప ఆ మొహంలో ఏమీ లేదు. ఒంట్లో సత్తువంతా పెట్టి పనిచేసినవాడి మొహం అది. ఎడిటర్ డోవ్ హోనిగ్ ఆ షాట్‌ని తొందరపడి వదిలెయ్యలేదు. అక్కడ కాసేపు ఆగబట్టే తర్వాత జరిగే మోసం మనకి అంత మండుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ దోపిడీలో ఎవరూ దొరకరు. ప్లాన్ ఎక్కడా చెడదు. మీరూ నేనూ చూసిన ఇలాంటి కథల్లో సగానికి పైగా ‘చివరి నిమిషంలో ఏదో తేడా కొట్టడం’ మీద ఆధారపడతాయి. ఇక్కడ పని నూటికి నూరుపాళ్లు సక్రమంగా ముగిసింది. కష్టం మొదలయ్యేది డబ్బు తీసుకునే రోజున.

ఆ పని ఇప్పించినవాడు లియో. రాబర్ట్ ప్రాస్కీ వేశాడు. వయసు మీదపడ్డ మనిషి, మెత్తటి మాట. మొదటి పరిచయంలోనే నీకు తండ్రి లాంటివాణ్ణి అన్నట్టు మాట్లాడతాడు. ఫ్రాంక్ అప్పటిదాకా ఎవరి కిందా పనిచేయలేదు, నా ఒంటికి నేనే యజమానిని అనే రకం. కానీ తొందరలో ఉన్నాడు. లియో ఇల్లు చూపించాడు. ఫ్రాంక్, అతని భార్య జెస్సీ పిల్లాణ్ణి దత్తత తీసుకుందామని ఆఫీసుకి వెళ్తే జైలు రికార్డు చూసి కుదరదన్నారు. లియో అడ్డదారిలో ఒక పసివాణ్ణి కూడా తెప్పించాడు. ఒక్కో మేలూ అందుకుంటుంటే ఫ్రాంక్ సంతోషపడతాడు, చూసే మనకి గుండెల్లో రాయి పడుతుంది. దోపిడీ అయ్యాక లియో ఇచ్చిన కవరులో ఒప్పుకున్న దాంట్లో చిన్న భాగమే ఉంది. మిగతాది ఏదని అడిగితే, నీ పేరు మీద షాపింగ్ సెంటర్లలో పెట్టాను, నీ మంచికే అంటాడు. తర్వాతి పనికి తారీఖు కూడా వేసేశాడు.

ఇది మన ఊళ్లల్లో తెలియని కథా? అప్పిచ్చి, పెళ్లి చేయించి, ఇంటి స్థలం చూపించి, ఆ లెక్క ఎన్నటికీ తెగకుండా చూసుకునే ఆసామి కింద జీతానికి కుదిరిన మనిషి కథ ఇదే. సినిమా ఫీల్డులో కూడా ఉంది. నాకు ఒక నిర్మాత బ్యాలెన్స్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు, ‘నెక్స్ట్ సినిమా కూడా నీదేగా, కలిపి చూసుకుందాం, మనం మనం ఒకటి’ అన్నాడు. ఆ ‘మనం మనం’ విన్నప్పుడు నాకు లియోనే గుర్తొచ్చాడు. బెదిరించేవాడిని ఎదిరించడం తేలిక. నీ పిల్లాడి పేరు పెట్టి పిలిచి బాగోగులు అడిగేవాణ్ణి ఎదిరించడానికి గుండె చాలదు. ఫ్రాంక్ ఎదురు తిరిగాక లియో అసలు మొహం బయటపడుతుంది. ఫ్రాంక్ స్నేహితుడు బ్యారీని చంపిస్తాడు. నీ ఇల్లు, నీ కారు, నీ కుటుంబం, అన్నిటి కాగితాలూ నా దగ్గరున్నాయి, నువ్వు నా సొత్తు అంటాడు. నేల మీద పడి ఉన్న ఫ్రాంక్ కంటి నుంచి పైకి చూస్తున్నట్టు కెమెరా లియో మొహాన్ని తలకిందులుగా చూపిస్తుంది. అప్పటిదాకా నాన్నలా మాట్లాడిన గొంతు అది. నేను చాలామంది విలన్ల సీన్లు కట్ చేశాను, ఇంత భయపెట్టినది లేదు.

మీ కథకి విలన్ పోలీసా, పోటీ గ్యాంగా అని తేల్చుకోలేకపోతున్నానని కూడా రాశారు. రెండూ వద్దు. పని ఇప్పించేవాణ్ణి రాయండి.

ఇంకో సీన్ ఉంది, దాన్ని కనీసం మూడునాలుగుసార్లు చూడాలి. ఫ్రాంక్, జెస్సీ హైవే మీద ఒక కాఫీ షాపులో కూర్చుని మాట్లాడుకుంటారు. ట్యూస్‌డే వెల్డ్ జెస్సీగా చేసింది. దాదాపు పది నిమిషాలు ఇద్దరు మనుషులు, ఒక టేబుల్, వెనక అద్దంలో కదిలే కార్ల లైట్లు. దోపిడీ సినిమాలో పది నిమిషాల మాటలంటే ఏ నిర్మాత అయినా కత్తెర అంటాడు. ఇక్కడ కత్తెర పడితే సినిమానే లేదు. జైల్లో తను ఎలా బతికాడో ఫ్రాంక్ అక్కడ చెప్తాడు. ఒక దశలో నాకేమైనా ఫర్వాలేదు, ఏదీ నాది కాదు అనుకోగలిగాను, ఆ క్షణం నుంచి నన్ను ఎవరూ ఏమీ చేయలేకపోయారు అంటాడు. ఆ వెంటనే పర్సులోంచి కార్డు తీసి నాకు ఇవన్నీ కావాలి, నువ్వు కావాలి అంటాడు. ఒకే టేబుల్ దగ్గర రెండు ఫ్రాంకులు కనిపిస్తారు, ఏమీ అక్కర్లేనివాడూ, అన్నీ కావాలనేవాడూ. లియో ఆ రెండోవాడి మెడకే తాడు వేశాడు. క్లైమాక్స్‌లో ఫ్రాంక్ మళ్లీ మొదటివాడైపోతాడు. భార్యనీ బిడ్డనీ డబ్బిచ్చి పంపేస్తాడు. తన ఇంటిని తనే పేల్చేస్తాడు, బార్‌నీ, కార్ల వ్యాపారాన్నీ తగలబెడతాడు. ఆ కార్డుని నలిపి పారేసి అప్పుడు లియో ఇంటికి వెళ్తాడు. పట్టుకోవడానికి లియో దగ్గర ఇక ఏ కాగితమూ మిగల్లేదు.

చూశారా, ఆయుధం కాఫీ షాపులోనే చేతికిచ్చాడు రచయిత. మనం దాన్ని ప్రేమ సీన్ అనుకుని చూశాం.

మాట తీరు గురించి కూడా ఒక మాట. ఫ్రాంక్ పదాలు మింగడు, కుదించడు, ప్రతి పదాన్నీ పూర్తిగా పలుకుతాడు. చెప్పింది మళ్లీ చెప్పాల్సిన అవసరం రాకూడదు, టైం వృథా కాకూడదు అన్నట్టుగా కాన్ ఆ పద్ధతి పెట్టుకున్నాడు. పోగొట్టుకున్న పదకొండేళ్లు అతని నోటి మాటలో కూడా ఉన్నాయన్నమాట. మీ హీరోకి కూడా మాట విషయంలో ఒక్క నియమం పెట్టండి. పంచ్ డైలాగుల కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

చూపుకి, చెవికి సంబంధించినవి క్లుప్తంగా చెప్తాను. రాత్రి సీన్లలో రోడ్లన్నీ తడిగా ఉంటాయి, వీధి దీపాలు నేల మీదా కారు బానెట్ మీదా సాగిపోతుంటాయి. అవి ఊరికే తడవలేదు, నీళ్లు కొట్టించి తీశారు. కెమెరామన్ డొనాల్డ్ థోరిన్. సంగీతం జర్మనీకి చెందిన టాంజరీన్ డ్రీమ్ బృందం చేసింది, ఎక్కువగా ఎలక్ట్రానిక్. అప్పట్లో ఆ సంగీతం చాలామందికి ఎక్కలేదు, చెత్త సినిమాలకి అవార్డులిచ్చే రజ్జీ (గోల్డెన్ రాస్‌బెర్రీ) వాళ్లు నామినేట్ కూడా చేశారు. నా మట్టుకు అది ఈ సినిమా వెన్నెముక. డ్రిల్ రొద ఎక్కడ ఆగి వాయిద్యం ఎక్కడ మొదలైందో తెలియనంతగా కలిసిపోతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి సీన్ చూస్తే తెలుస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. జెస్సీకి కాఫీ షాపు సీన్ తర్వాత చేయడానికి పెద్దగా ఏమీ లేదు, ఆమెని పంపించేసే సీన్ నాకు ఇప్పటికీ సగమే నమ్మకంగా ఉంటుంది. బూతులు, రక్తం బాగానే ఉన్నాయి, ఇంట్లో అందరితో కూర్చుని చూసేది కాదు. మధ్యలో నెమ్మదిస్తుంది. జైల్లో ఉన్న ఓక్లా అనే ముసలి గురువు పాత్ర చిన్నదే, గాయకుడు విల్లీ నెల్సన్ వేశాడు. కానీ అతన్ని బయటికి తేవడానికి కోర్టులో లాయరూ జడ్జీ నోరు మెదపకుండా వేళ్లు చూపించుకుంటూ లంచం బేరమాడే సీన్ మాత్రం వదలకండి. మాట లేకుండా ఊరి వ్యవస్థ మొత్తాన్ని చెప్పేస్తుంది.

ఇక మీ కథకి వస్తే ఒక జాగ్రత్త. ఫ్రాంక్‌ని తెచ్చి బేగంబజారులో నిలబెట్టకండి. ఫ్రాంక్ అనాథ, ప్రభుత్వ వసతి గృహాల్లో పెరిగాడు, వెనకా ముందూ ఎవరూ లేరు. అన్నీ తగలబెట్టి నడిచిపోగలిగాడంటే అందుకే. మన మనిషికి అమ్మ ఉంటుంది, చెల్లెలి పెళ్లి ఉంటుంది, చీటీ పాట బాకీ ఉంటుంది, అల్లుడేం చేస్తాడు అని అడిగే మావగారు ఉంటారు. అతను ఇల్లు పేల్చేస్తే రేషన్ కార్డులో ఇంకో నలుగురు ఉన్నారు. కాబట్టి మీ హీరోకి ఆ దారి లేదు. మరి అతను తన కూలి ఎలా రాబట్టుకుంటాడు? మీ క్లైమాక్స్ ఈ ప్రశ్నలోంచే పుట్టాలి. అలాగే మీ లియో ఫైనాన్స్ చేసే బాబాయ్ అయి ఉండొచ్చు, గృహప్రవేశానికి ముందు వరసలో కూర్చునేవాడు అయి ఉండొచ్చు. హీరో అమ్మ అతన్ని దేవుడంటూ ఉండాలి.

తాళాలు తీసే వివరాల కోసం ఇంటర్నెట్‌లో తిరగకండి, అది మీ కథకి అక్కర్లేదు. సేఫులు రిపేరు చేసేవాళ్ల షాపుకి వెళ్లి ఒక పూట కూర్చోండి. వాళ్లు నడుం ఎలా వంచుతారు, పనిముట్టు కింద పెట్టేటప్పుడు ఎక్కడ పెడతారు, విసుగొస్తే ఏం చేస్తారు చూడండి. స్క్రిప్టుకి కావలసింది అదే.

తర్వాతి డ్రాఫ్టులో దోపిడీని కథకి మూడింట రెండొంతుల దగ్గరే ముగించేయండి, ఎవరికీ గీత కూడా పడకుండా. మిగిలిన భాగమంతా డబ్బు పంచుకునే గదిలో మొదలుపెట్టండి. రాశాక ఆ గది సీన్ ఒక్కటి ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.